ఊరిపేరే ఇంటిపేరు చేసుకున్న డాక్టరు – మోరిజ్ కపోసి (1837–1902)

మన హాస్టల్లో చదువుకుని గజ్జి రానివాడు ఉన్నాడంటే నేను నమ్మను. రెండు చాపలు కలిపి నలుగురం పడుకున్న రోజుల్లో ఒకడికి వస్తే వారం తిరిగేసరికి రూము మొత్తానికి అంటుకునేది. ఆదివారం పొద్దున వార్డెన్ సార్ తెల్లమందు సీసా పట్టుకుని వస్తే, మెడ దగ్గర నుంచి పాదాల దాకా పూసుకుని గోడవారన వరసగా నిలబడేవాళ్లం. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, రాత్రంతా గోక్కున్న ఆ బాధ పడినవాళ్లకే తెలుసు.

సంచికకు ఎవరైనా ఒక గొప్పవారి జీవితం రాసివ్వమని తమ్ముళ్లు అడిగారు. అంబేద్కర్ గారి గురించి, పూలే గారి గురించి, కలాం గారి గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, రాయాలి కూడా. నేను మాత్రం మన దగ్గర ఎక్కువమందికి పేరు తెలియని ఒక చర్మవ్యాధుల డాక్టరు గురించి రాస్తున్నాను. ఈయన గురువే ఆ గజ్జి సంగతి తేల్చినాయన. ఈయన స్వయంగా తేల్చినది అంతకంటే చాలా అరుదైన జబ్బు. అది చిన్నపిల్లలకు చర్మ క్యాన్సర్ తెచ్చే జబ్బు. ఈయన్నే ఎందుకు ఎంచుకున్నానో చివర్లో చెబుతాను.

పుట్టుక, చదువు

మోరిజ్ కపోసి 1837 అక్టోబరు 23న హంగరీలోని కపోస్వార్ అనే చిన్న పట్టణంలో పుట్టారు. అప్పుడు హంగరీ ఆస్ట్రియా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. వాళ్లది యూదుల కుటుంబం. ఇంటిపేరు కోన్. కాబట్టి ఆయన పుట్టినప్పటి పేరు మోరిజ్ కోన్. ఆ రోజుల్లో ఆ దేశంలో యూదులకు మిగతా ప్రజలతో సమానమైన హక్కులు లేవు. చట్టం ప్రకారం సమాన హక్కులు వచ్చింది 1867లో. చట్టం వచ్చినంత మాత్రాన మనుషుల చూపు మారదని మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

1856లో, పద్దెనిమిది పందొమ్మిదేళ్ల వయసులో, ఆయన రాజధాని వియన్నా వెళ్లి విశ్వవిద్యాలయంలో వైద్యం చదవడానికి చేరారు. 1861లో డాక్టరు పట్టా తీసుకున్నారు. అంటే అప్పటికి ఆయనది ఇంచుమించు ఇప్పటి నా వయసు. వియన్నాలో 1784లో కట్టిన పెద్ద ధర్మాసుపత్రి ఉండేది. ఐరోపా నలుమూలల నుంచి పేదలు, రోగులు అక్కడికి వచ్చేవారు. వాళ్లను చూసి నేర్చుకోవడానికి ఇతర దేశాల డాక్టర్లు కూడా వచ్చేవారు.

గురువు హెబ్రా

ఆ ఆసుపత్రిలో చర్మరోగుల వార్డు అంటే ఒకప్పుడు ఎవరూ వెళ్లడానికి ఇష్టపడని చోటు. గజ్జివాళ్లు, పుండ్లవాళ్లు, ఒంటినిండా పొలుసులు రాలేవాళ్లు ఉండే చోటది. ఫెర్డినాండ్ హెబ్రా అనే యువ డాక్టరు 1840ల మొదట్లో ఆ వార్డుకు వెళ్లి అక్కడే ఉండిపోయారు. చర్మం మీద కనిపించేదంతా లోపల రక్తం చెడిపోవడం వల్లే అని అప్పటి పెద్దలు నమ్మేవారు. హెబ్రా గజ్జి పురుగును తన ఒంటిమీదే పెట్టుకుని చూసి, గజ్జికి కారణం రక్తదోషం కాదు, చర్మంలో దూరే ఆ చిన్న పురుగేనని నిరూపించారు. పురుగును చంపితే గజ్జి పోతుంది. మనకు పూసిన తెల్లమందు వెనక ఉన్న ఆలోచన అదే.

కపోసి ఈ హెబ్రా దగ్గర శిష్యుడిగా చేరారు. గురువు దగ్గర నేర్చుకున్నది ముఖ్యంగా ఒకటే. ముందు కళ్లతో చూడాలి. మచ్చ ఏ రంగులో ఉంది, అంచు ఎలా ఉంది, ఎక్కడ మొదలైంది, ఎటు పాకింది, రోగి వయసెంత, తోబుట్టువులకు ఉందా? ఇవన్నీ రాసుకోవాలి. తర్వాతే పేరు పెట్టాలి. 1866లో సుఖవ్యాధి సిఫిలిస్ మీద పరిశోధన గ్రంథం రాసి ఆయన విశ్వవిద్యాలయంలో బోధించే అర్హత సంపాదించారు. తర్వాత గురువు కూతురు మార్తాను పెళ్లి చేసుకున్నారు.

పేరు మార్పు

1871లో ఆయన కాథలిక్ మతంలోకి మారి, ఇంటిపేరు కోన్ తీసేసి కపోసి అని పెట్టుకున్నారు. హంగరీ భాషలో ఊరిపేరు చివర ఒక చిన్న ‘ఇ’ చేరిస్తే ఆ ఊరివాడు అని అర్థం వస్తుంది. అలా తన కపోస్వార్‌నే ఇంటిపేరులో నిలుపుకున్నారు. వియన్నాలో కోన్ పేరుతో చాలామంది డాక్టర్లు ఉన్నారని, ఒకరి వ్యాసం ఇంకొకరిదని పొరబడకుండా మార్చుకున్నానని ఆయన చెప్పుకున్నట్లు అంటారు. పదవి కోసం, మామగారి ఇంట్లో మర్యాద కోసం మార్చుకున్నారని గిట్టనివాళ్లు అన్నారు. ఆయన మనసులో ఏముందో మనం తేల్చలేం.

కాలేజీలో చేరిన మొదటి రోజు పక్క బెంచీవాడు ఇంటిపేరు అడిగి, దాని వెనక ఇంకేదో వెతుకుతున్నాడని తెలిసి తడబడిన వాళ్లు మనలో ఎంతమంది లేరు! అందుకే ఆయన్ని నేను తప్పు పట్టలేను. మన తెలుగు ఇంటిపేర్లలోనూ సగం ఊళ్ల పేర్లే కదా. ఒకటి మాత్రం నిజం. గిట్టనివాళ్లు ఎన్ని అన్నా, ఆయన పెట్టుకున్న ఆ ఊరిపేరే ఈరోజు ప్రపంచంలోని ప్రతి వైద్య కళాశాలలో వినిపిస్తోంది.

1872 – రెండు పెద్ద పనులు

పేరు మార్చుకున్న మరుసటి ఏడాదే ఆయన రెండు ముఖ్యమైన విషయాలు ప్రకటించారు. మొదటిది లూపస్ అనే జబ్బు గురించి. ముఖం మీద సీతాకోకచిలుక ఆకారంలో ఎర్రమచ్చ వచ్చే ఈ జబ్బు చర్మంతో ఆగదని, లోపలి అవయవాలను కూడా పట్టుకుంటుందని మొదట గుర్తించినవారు ఆయనే. రెండోది, కాళ్ల మీదా చేతుల మీదా ముదురు రంగు గడ్డలుగా మొదలై వ్యాపించే ఒక కొత్త రకం కంతి. అయిదుగురు రోగులను చూసి దీన్ని వర్ణించారు. తర్వాత దానికి కపోసి సార్కోమా అని ఆయన పేరే పెట్టారు. దాదాపు నూరేళ్లు అది అరుదైన జబ్బుగానే ఉంది. 1981లో అమెరికాలో యువకులకు ఉన్నట్టుండి ఈ కంతులు రావడం మొదలైంది. ఎయిడ్స్ అనే జబ్బు బయటపడిన మొదటి ఆనవాళ్లలో అదొకటి. 1872 నాటి వర్ణన ఉండబట్టే డాక్టర్లు దాన్ని చూడగానే పేరుతో గుర్తుపట్టగలిగారు.

పిల్లల జబ్బు

ఇక అసలు విషయానికి వస్తాను. గురుశిష్యులు కలిసి రాసిన చర్మవ్యాధుల మహాగ్రంథంలో, 1870ల మొదట్లో, కపోసి ఒక వింత జబ్బును వర్ణించారు. పిల్లలు పుట్టినప్పుడు మామూలుగానే ఉంటారు. కొన్ని నెలలకో, ఏడాది రెండేళ్లకో ముఖం, మెడ, చేతుల మీద గోధుమరంగు, నల్లరంగు చుక్కలు చిలకరించినట్లు వస్తాయి. మధ్యమధ్యలో తెల్లమచ్చలు, ఎర్రటి సన్నని నరాలు కనిపిస్తాయి. చర్మం ఎండిన తోలులా పలచబడి బిగుసుకుంటుంది. ఆ తర్వాత ముసలివాళ్లకు రావలసిన చర్మపు కంతులు ఆ పసివాళ్ల ముఖాల మీద లేస్తాయి. 1882లో ఆయన దీనికి జీరోడెర్మా పిగ్మెంటోజమ్ అని పేరు పెట్టారు. అంటే మచ్చలతో కూడిన పొడిచర్మం అని అర్థం.

ఇందులో గొప్పేముంది, పేరు పెట్టడమే కదా అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఆలోచించండి. అప్పటిదాకా ఒక బిడ్డకు మచ్చలు వస్తే అదొక జబ్బు, చర్మం ఎండితే ఇంకో జబ్బు, కంతి లేస్తే మరో జబ్బు. ఈ మూడూ ఒకే తీగకు కాసిన కాయలని, మచ్చలు కనిపించినప్పుడే రేపు కంతి రాబోతుందని చెప్పగలగడం మామూలు సంగతి కాదు. కంతి వచ్చాక చూసేవాడికి చేతిలో కత్తి ఒక్కటే ఉంటుంది. మచ్చను చూసి గుర్తుపట్టినవాడికి సమయం కూడా ఉంటుంది.

1883లో ఆల్బర్ట్ నైసర్ అనే జర్మన్ డాక్టరు ఇదే జబ్బున్న అన్నదమ్ములిద్దరికి నరాలు కూడా దెబ్బతినడం గమనించి రాశారు. కపోసి వర్ణన ముందుంది కాబట్టే ఆయన తను చూస్తున్నదేమిటో తెలుసుకోగలిగారు.

ఆయనకు తెలియనివి

అయితే కపోసి ఆ పిల్లల్ని బతికించలేకపోయారని కూడా ఒప్పుకోవాలి. అప్పటికి చేయగలిగింది కంతిని కోసి తీయడం, లేదా కాల్చడం. మత్తు ఇవ్వడం 1846 నుంచి, పుండు కుళ్లకుండా శుభ్రమైన ఆపరేషన్ 1867 నుంచి నెమ్మదిగా వ్యాపిస్తున్న కాలమది. ఒక కంతి తీస్తే పక్కన ఇంకొకటి లేచేది. ఎందుకు లేస్తోందో ఎవరికీ తెలియదు.

ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలకు ఎందుకు వస్తుందో కూడా తెలియదు. దీని జవాబు వాళ్లకు పక్కనే ఉంది. గురువు హెబ్రా పుట్టిన బ్రూన్ పట్టణంలోనే, 1865లో, మెండెల్ అనే సన్యాసి బఠానీ మొక్కల మీద చేసిన ప్రయోగాలు చదివి వినిపించాడు. 1866లో అచ్చయ్యాయి. ఒకే రాజ్యం, రైలెక్కితే ఒక పూట ప్రయాణం. అయినా 1900 దాకా ఎవరూ ఆ కాగితాలను పట్టించుకోలేదు. బఠానీ గింజల లెక్కకూ, వియన్నా వార్డులో పసిపిల్లల ముఖాలకూ సంబంధం ఉందని అప్పుడెవరు ఊహిస్తారు?

1880లో హెబ్రా చనిపోయారు. ఆ ఏడే కపోసి రాసిన పెద్ద పాఠ్యగ్రంథం వెలువడింది. మరుసటి ఏడాదే ఫ్రెంచిలోకి కూడా అనువాదమైంది. గురువు నడిపిన విభాగానికి ఆయనే అధిపతి అయ్యారు. ఇరవై ఏళ్లపాటు పాఠాలు చెబుతూ, రోగుల్ని చూస్తూ, 1902 మార్చి 6న వియన్నాలో కన్నుమూశారు.

ఆ తర్వాత తెలిసినది

ఆయన పోయిన 66 ఏళ్లకు, 1968లో, అమెరికాలో జేమ్స్ క్లీవర్ అనే శాస్త్రవేత్త ఈ జబ్బు గుట్టు విప్పారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు అందరి చర్మకణాల్లోనూ డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. మన ఒంట్లో దాన్ని బాగుచేసే పనివాళ్లు ఉంటారు. చెడిన ముక్కను కత్తిరించి కొత్తది అతికిస్తారు. ఈ పిల్లల్లో ఆ పనివాళ్లు సరిగా పనిచేయరు. అందుకే రోజూ కాసే ఎండే వాళ్లకు విషమవుతుంది. ఆ మరమ్మతు ఎలా జరుగుతుందో వివరించినందుకు అజీజ్ సంజార్ 2015లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. ఆయన టర్కీలో ఒక చిన్న ఊరిలో చదువురాని తల్లిదండ్రులకు పుట్టినవాడు. మన ఇళ్ల నుంచి వచ్చిన తమ్ముళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

జబ్బు వంశపారంపర్యం. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు, కానీ ఇద్దరిలోనూ ఒకే లోపపు జన్యువు దాగి ఉంటుంది. అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. దగ్గరి రక్తసంబంధం ఉన్నవాళ్లు పెళ్లి చేసుకుంటే ఇద్దరిలోనూ ఒకే లోపం ఉండే అవకాశం పెరుగుతుంది. మేనరికాలన్నింటికీ జబ్బుపిల్లలే పుడతారని దీని అర్థం కాదు. కానీ మేనరికం మనకు మామూలైపోయింది కాబట్టి ఇది మనం తెలుసుకోవలసిన లెక్క.

ఇప్పటికీ ఈ జబ్బును పూర్తిగా నయం చేసే మందు లేదు. కానీ చేయగలిగింది చాలా ఉంది. బిడ్డను పగటి ఎండ నుంచి కాపాడాలి. పొడుగు చేతుల బట్టలు, టోపీ, కళ్లజోడు వాడాలి, ఎండ తగిలేచోట పూతమందు రాయాలి. ఎండ తగలదు కాబట్టి విటమిన్ డి మందుగా ఇవ్వాలి. కొన్ని నెలలకోసారి చర్మం అంతా, కళ్లతో సహా, డాక్టరు చూడాలి. కొత్తగా లేచిన పొక్కు ఏదైనా అనుమానంగా ఉంటే చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో పరీక్షిస్తారు. దాన్నే బయాప్సీ అంటారు. క్యాన్సర్ అని తేలితే ఆలస్యం చేయకుండా కోసి తీస్తారు. ఇక్కడ సర్జన్ నేర్పు ఏమిటంటే, కంతి మిగలకూడదు, మంచి చర్మం ఎక్కువ పోకూడదు. ఎందుకంటే ఆ బిడ్డకు జీవితంలో ఇంకా ఎన్ని ఆపరేషన్లు కావాలో తెలియదు, ముఖం మాత్రం ఒకటే. అందుకే కనురెప్ప, ముక్కు, పెదవి దగ్గర పొరపొరగా తీస్తూ, ప్రతి పొరనూ అప్పటికప్పుడే పరీక్షిస్తూ వెళ్లే మోస్ పద్ధతి వాడతారు. గాయం పెద్దదైతే ఎండ తగలని తొడ వంటి చోటు నుంచి చర్మం తెచ్చి అతికిస్తారు. గోరంత ఉన్నప్పుడు వస్తే చిన్న కోతతో పోతుంది. నిమ్మకాయంత అయ్యాక వస్తే ముఖంలో సగం పోవచ్చు.

నేను ఎందుకు రాశానంటే

మా వాడలో ఒక పిల్లాడు ఉండేవాడు. నాకంటే మూడేళ్లు చిన్నవాడు. అమ్మానాన్నలది మేనరికం. ముఖం నిండా మచ్చలు, ఎండలోకి వస్తే కళ్లు తెరవలేకపోయేవాడు. మేమంతా మచ్చలోడా అని పిలిచేవాళ్లం. అందరికంటే గట్టిగా పిలిచినవాణ్ణి నేనే. ముట్టుకుంటే అంటుకుంటుందని ఆటలోకి రానిచ్చేవాళ్లం కాదు. పెద్దవాళ్లు ఎవరిదో పాపం అన్నారు, దిష్టి అన్నారు. వాడి కింది రెప్ప దగ్గర చిన్న పొక్కు లేచినప్పుడు ఏదో ఆకు నూరి కట్టారు. పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి కంటితో సహా తీయాల్సి వచ్చింది. ఆ తర్వాత రెండేళ్లు బతికాడు. నేను అప్పుడు ఈ హాస్టల్లోనే టెన్త్ చదువుతున్నాను.

పీజీ మొదటి సంవత్సరంలో మేడమ్ గారు జన్యువ్యాధుల పాఠం చెబుతూ బోర్డు మీద ఒక ఫోటో చూపించారు. ఆ బిడ్డ ఏ దేశపు బిడ్డో నాకు తెలియదు. కానీ నాకు కనిపించింది మా వాడ పిల్లాడే. అది అంటువ్యాధి కాదని ఆ రోజే తెలిసింది. క్లాసు అయ్యాక చాలాసేపు బెంచీ మీద నుంచి లేవలేకపోయాను. మేము ఎగతాళిగా వాడికి ఒక పేరు పెట్టాం. అలాంటి పిల్లల్నే చూసి వాళ్ల జబ్బుకు ఒకాయన నూరేళ్లకు పైగా ముందే ఒక పేరు పెట్టారు. రెండూ పేర్లే. మా పేరు వాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టింది. ఆయన పెట్టిన పేరు మా వాడలో ఒక్కరికి తెలిసి ఉన్నా, వాణ్ణి గోరంత పొక్కు అప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేవాళ్లం.

మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. పోయిన సంక్రాంతికి మా అమ్మ మేనమామ కూతురి మాట ఎత్తింది. నేను వద్దన్నాను. అమ్మ నాలుగు రోజులు సరిగా మాట్లాడలేదు. మామయ్యకు కోపం ఇంకా పోలేదు. అయిదో రోజు అమ్మను కూర్చోబెట్టి, నాలుగు చింతగింజలు ముందు పెట్టి, ఆ నాలుగింట ఒకటి లెక్క చెప్పాను. అమ్మ అంతా విని, మచ్చల పిల్లాడి తల్లికి ఈ సంగతి ఎవరైనా చెప్పారా అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ తల్లి ఇప్పటికీ తన పాపమే అనుకుంటోంది. ఈసారి ఊరెళ్లినప్పుడు ఆవిడ దగ్గరికి వెళ్లి చెప్పాలని నిర్ణయించుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో మాత్రం ఇంకా తెలియడం లేదు.

తమ్ముళ్లారా, మీలో అందరూ డాక్టర్లు కాలేకపోవచ్చు. కానీ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ ఊళ్లో ఎండకు ముఖం కమిలిపోయే పసిబిడ్డ గానీ, రెండేళ్లలోపే ముఖం నిండా చుక్కలు వచ్చిన బిడ్డ గానీ కనిపిస్తే, ఎగతాళి పేరు పెట్టకండి. దగ్గరికి వెళ్లి చూడండి. ఆ తల్లికి నీడ గురించి చెప్పండి. పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల విభాగానికి తీసుకెళ్లమని చెప్పండి, కుదిరితే మీరే తోడు వెళ్లండి. కపోసి గారు చేసిన పనిలో మొదటి భాగం అదే. ఎవరూ చూడ ఇష్టపడని ముఖాన్ని ఆయన నిలబడి చూశారు. దానికి డిగ్రీ అక్కరలేదు.